పదకొండు రోజుల నోట్సు

మా కాలేజీలో ఎంబీఏ తరగతులు మొదలయ్యే ముందు రెండు వారాలు కొత్త పిల్లలకు ముందస్తు పాఠాలు చెప్తాం. బ్రిడ్జి కోర్సు అంటారు దాన్ని. లెక్కలు మరిచిపోయినవాళ్ళు, కామర్స్ ముఖం చూడనివాళ్ళు, ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే చెమటలు పట్టేవాళ్ళు, అందరినీ ఒక దరికి చేర్చడం దాని ఉద్దేశం. అందులో స్టాటిస్టిక్స్ నా వాటా. ఏటా మొదటి రోజు జరిగేది ఒకటే. బోర్డు మీద ఏదో రాసి "అర్థమైందా?" అంటాను. అరవై తలలు ఊగుతాయి. అందులో సగం అబద్ధమని నాకు తెలుసు. ఒకప్పుడు అలా ఊగిన తలల్లో నాదీ ఒకటి. తెలిసీ ఏమీ అనను, పాఠం ముందుకు జరుపుతాను. జీతం తీసుకునే పంతులమ్మకు ఊగే తలలకు మించిన సుఖం లేదు.

ఈసారి సోమవారం నాడు తలలన్నీ ఊగాక మూడో వరసలోంచి ఒకమ్మాయి లేచింది. రెండు చేతులతో బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉంది.

"తెల్వలేదు మేడం. ఇంకొకపారి చెప్పుండ్రి."

క్లాసు గొల్లుమంది. నవ్వింది ప్రశ్నకు కాదు, ఆ యాసకు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి గాని కూర్చోలేదు. నేను నవ్వలేదు. ఆ మాట నాకు తెలుసు. అచ్చం అదే మాటను, అదే వరసలో, నా చేత పదిసార్లు చెప్పించి హైదరాబాదు బస్సెక్కించిన మనిషి ఒకాయన ఉన్నాడు.

మళ్ళీ చెప్పాను. సగటు ఒకటే అయినా రెండు గుంపులు ఎందుకు ఒకటి కావో, ఆ తేడాను కొలవడానికి స్టాండర్డ్ డీవియేషన్ ఎందుకు కావాలో చెప్పాను. ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"అంటే ఇద్దరు నేతగాళ్ళ కతనా మేడం?" అంది. "ఒకాయన దినాం ఒక మూర నేస్తడు. ఇంకొకాయన నాలుగు దినాలు పండుకొని అయిదో దినం అయిదు మూరలు నేస్తడు. అయిదు దినాలకు ఇద్దరివీ అయిదు మూరలే. లగ్గం చీరె ఎవరికి చెప్పాలె అంటే..."

నా చేతిలో మార్కర్ ఆగిపోయింది. క్లాసు అయ్యాక తలుపు దగ్గర ఆపి అడిగాను, ఏ ఊరని. అయిజ అంది, మా గద్వాల పక్కదే. ఆ కథ ఎవరు చెప్పారన్నాను.

"గద్వాల సారు మేడం. అచ్చులతికే సారు."

"ఎట్లున్నడు?"

"పోయిండు మేడం. నెల దాటింది. దవాఖానల వారం దినాలున్నడు."

ఆమెకు తర్వాతి క్లాసుకు గంట కొట్టారు. సాయంత్రం ఒకసారి రమ్మన్నాను. ఆ తర్వాత నా గదికి వచ్చి తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏడవలేదు. ఏడ్చే హక్కు నాకు ఉందో లేదో తేల్చుకోలేకపోయాను.

ఆయన్ని సారు అని ఎవరో పిలవగా వినడం అదే మొదటిసారి. మా వీధిలో ఆయన ఉట్టి మామ. అచ్చులతికే మామ. నేత ఇళ్ళలో ఒక పడుగు, మా మాటలో అచ్చు, అయిపోయిందంటే, నేసిన చీరను కోసుకుని, చివరి మూరెడు దారాలను మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి దాని పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అతకడం పూర్తయ్యాక మెల్లగా లాగితే కొత్తది పాతదాని వెంటే మగ్గంలోకి నడిచి వస్తుంది. ఆ పాత కొసలే లేకపోతే వేల పోగుల్ని మళ్ళీ ఒక్కో సందులోంచి ఎక్కించుకోవాలి, నడుము విరిగే పని. అందుకే మా ఇళ్ళలో పూర్తిగా ఖాళీ అయిన మగ్గం కనపడదు. ఆ అతికే పని కోసం ఇంటింటికీ తిరిగేవాడు ఆయన.

సన్నటి మనిషి. భుజం మీద తువ్వాల, జేబులో పాలిథిన్ కవరు చుట్టిన చిన్న బటన్ల ఫోను. పక్కన మూకుడులో బూడిద. దారం జారకుండా వేళ్ళకు అద్దుకునేవాడు. ఎప్పుడు చూసినా ఆయన బొటనవేలు, చూపుడువేలు తెల్లగానే ఉండేవి, పెళ్ళి పంక్తిలో కూర్చున్నా సరే. అతికేటప్పుడు చాయ ముట్టడు. ఇంటివాళ్ళు పెట్టిన చాయ చల్లారి మీగడ కట్టేది. పని అయ్యాక ఆ మీగడతోనే ఒక్క గుక్కలో తాగేసి, "సల్లగైతేంది, చాయ చాయనే" అనేవాడు. ఎవరి ఇంట్లోనూ వేడి చాయ తాగగా నేను చూడలేదు.

మాట్లాడితే ముఖం చూడడు, పోగులు చూస్తాడు. దాంతో ఇంట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడన్న సంగతే జనం మరిచిపోయేవాళ్ళు. ఆయన ముందే మొగుడూ పెళ్ళాలు తిట్టుకునేవాళ్ళు. ఆయన ముందే అత్తలు కోడళ్ళ మీద చాడీలు చెప్పేవాళ్ళు. అన్ని ఇళ్ళ రహస్యాలూ తెలిసిన మనిషి గురించి ఏ ఒక్క ఇంటికీ ఏమీ తెలియదు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదో, రాత్రి ఏం వండుకుంటాడో అడిగినవాళ్ళు లేరు. పడుగు అయిపోతే ఫోను చేసేవాళ్ళు. అంతే.

నేను వనపర్తిలో తెలుగు మాధ్యమంలో బీఏ చదివాను. ప్రవేశ పరీక్షలో ఎలాగో ర్యాంకు వచ్చి హైదరాబాదులో ఎంబీఏ సీటు దొరికింది. తరగతులకు రెండు నెలల పైనే గడువుంది. సీనియర్ అక్క ఒకామె చెప్పిందని రెండు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు కొనుక్కొచ్చి, మా గుంతమగ్గం పక్కన చాప వేసుకుని, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఒక పేజీ. మర్నాటికి అదీ గుర్తుండేది కాదు. పదో రోజుకు నాకు తేలిపోయింది, నేను పోనని. ఇక అమ్మకు ఏ సాకు చెప్పాలన్నదే మిగిలింది. కడుపునొప్పా, హాస్టల్లో సీటు లేదనా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడే మా ఇంట్లో పడుగు అయిపోయి ఆయన వచ్చాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పోగుల వైపు చూస్తూనే అన్నాడు:

"బిడ్డా, నేనొచ్చిన కాడికెళ్లి గదే పేజీ సదువుతున్నవు."

నాకు ఒళ్ళు మండింది. "కొత్త సబ్జెక్టు మామా. కష్టముంటది."

"కొత్తదాంట్ల కష్టం లేదు. కొస దొరకకపోతెనే కష్టం. నీ పదో తరగతి లెక్కల పుస్తకముందా?"

ఊళ్ళో పెళ్ళికి ఈయనకేం హడావిడి అనుకున్నాను. అయినా అటక మీంచి తీశాను. శాతాల లెక్క ఒకటి చెయ్యమన్నాడు. తప్పు చేశాను. తొమ్మిదో తరగతిది ఉందా అన్నాడు. అదీ తప్పే. ఎనిమిది. పక్కింటి పిల్లల సంచీలు గాలించి ఏడో తరగతి పుస్తకం తెచ్చాను. నిష్పత్తులు చేయమన్నాడు. తడుముకోకుండా చేశాను.

"దొరికింది," అన్నాడు. ఆ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "ఏడో తరగతి కాడుంది నీ కొస. ఈడికెళ్లి అతుకుదాం."

మా అమ్మ పడీ పడీ నవ్వింది. పెద్ద చదువుకు పోయే పిల్ల ఏడో తరగతి లెక్కలు చేస్తోందని పొద్దుగూకే లోపు వీధంతా తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను గాని ఆ రాత్రి నిద్ర పట్టింది. చాలా రోజుల తర్వాత ఆ రోజు నాకొకటి నిజంగా వచ్చింది.

ఆ రెండు నెలలు నా కాలేజీ ఏ ఇంట్లో ఉంటుందో పొద్దున దాకా తెలిసేది కాదు. ఎవరి పడుగు అయిపోతే వాళ్ళ ఇల్లు. నేను పుస్తకాలు చంకన పెట్టుకుని ఆయన వెనకాల నడిచేదాన్ని. పోగులకు ఇటు ఆయన, అటు నేను. ఆయన చేతులు ఆగేవి కావు. నేను పైకి చదవాలి, ఆయన వింటూ అతుకుతాడు. షరతు ఒకటే పెట్టాడు.

"అర్థమైంది అనే మాట నా ముంగట అనొద్దు. ఏం అర్థమైందో గది చెప్పు."

డిమాండు గురించి చెప్పడానికి ఆయనకు రెండు నెలలు చాలు, ఆషాఢం, శ్రావణం. "ఆషాఢంల తగ్గించినా చీరె కొనరు. శ్రావణంల పెంచినా కొంటరు. మరి ధరనే అన్నీ నిర్ణయిస్తదని నీ పుస్తకం ఎట్లంటది? అడుగు దాన్ని." పుస్తకాన్ని అడగమనేవాడు. రాసినవాడు ఎదురుగా ఉన్నట్టు పుస్తకం మీద విసుక్కునేవాడు. ఇద్దరు నేతగాళ్ళ కథ ఏ ఇంట్లో చెప్పాడో గుర్తులేదు గాని, ఆ ఇంటి ఆయన నాలుగు రోజులు పడుకునే రకమే కావడంతో, తననే అంటున్నాడని మూతి ముడుచుకోవడం మాత్రం గుర్తుంది.

ఒకసారి మా అమ్మ నన్ను కేకలేస్తూ, అడగందే అమ్మయినా పెట్టదు, తెలియనిది ఆయన్ను అడగవేమే అంది. ఆయన తల ఎత్తకుండా అన్నాడు:

"అమ్మ అడగకున్నా పెడతదమ్మా. కాలేజే పెట్టదు."

ఇదంతా ఆయనకు ఎలా తెలుసు? అచ్చులతికే మనిషికి ఎంబీఏ పుస్తకాల్లో ఏముంటుందో ఎవరు చెప్పారు? నేను అడగలేదు. రెండు నెలలు పక్కన కూర్చుని, అడగడం నేర్పుతున్న మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ ఇళ్ళవాళ్ళలాగే నేనూ ఆయన్ని ఒక మగ్గం సామాను కింద లెక్కేశానేమో. ఇప్పుడు అనుకుంటే సిగ్గేస్తోంది.

ఒక సంగతి మాత్రం మరిచిపోలేను. ఒక ముసలవ్వ ఇంట్లో పెళ్ళి చీర పని. పట్టు పడుగు, సన్నటి పోగులు. నేను రెండు విషయాల మధ్య సహసంబంధం గురించి చదువుతున్నాను. మధ్యాహ్నం దాటింది, ఆకలేస్తోంది, ఇంటికి పోవాలనుంది. ఆ పేరా అయ్యాక ఆయన "ఊఁ?" అన్నాడు. నేను గబుక్కున "అర్థమైంది మామా" అనేశాను.

పని మధ్యలో ఆయన తల ఎత్తి నా ముఖం చూడటం అదొక్కసారే. మళ్ళీ వంగాడు. గంట తర్వాత చేతులు ఆగిపోయాయి. అతికిన పోగుల మీద వేలు వెనక్కి పోనిచ్చుకుంటూ వెళ్ళి ఒకచోట ఆపాడు. ఇందాక తల ఎత్తిన చోటే ఒక పోగు తప్పిపోయింది. అక్కణ్ణుంచి ప్రతి పోగూ తన జోడును వదిలేసి పక్కదానికి అతుక్కుంది. అలా వదిలేస్తే చీర పొడవునా తప్పు కనిపిస్తుంది. రెండు వందల పైచిలుకు పోగులు. ఒక్కొక్కటి మెలి విప్పడం మొదలుపెట్టాడు.

అవ్వ లేచింది. "పొద్దంత ఏం చేసినవయ్యా? లగ్గం ముంగటున్నది. కండ్లు కనబడ్తలేవా నీకు?"

"తప్పైంది అవ్వా," అన్నాడు. నా పేరు ఎత్తలేదు.

పొద్దుగూకేదాకా ఆయన విప్పుతూ, మళ్ళీ అతుకుతూ ఉంటే నేను ఎదురుగా కూర్చున్నాను. లేచిపోయే ధైర్యం రాలేదు. బయటికి వచ్చి నడుస్తుంటే అన్నాడు:

"ఒక్క అబద్ధం చెప్పినవు. గది రెండు వందల పోగులకు పాకింది. నా చేతిల ఉండె గనుక ఇప్పిన. నీ సదువుల గిట్లైతే ఎవరు ఇప్పాలె బిడ్డా?"

కోపంగా అనలేదు. అదే నా ఏడుపుకు కారణమైంది. రోడ్డు మీదే ఏడ్చాను. ఆయన తువ్వాల ఇవ్వబోయి, దానికి బూడిద అంటి ఉందని మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

నేను హైదరాబాదు పోయే ముందు రోజు మధ్యాహ్నం రమ్మన్నాడు. ఆయన గదికి పోవడం అదే మొదలు, అదే చివర. ఒక ఇంటి వెనక ఒంటి గది. ఒక ట్రంకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు. గోడ వారగా ఒక ప్లాస్టిక్ కుర్చీ. దుకాణంలోంచి తెచ్చినప్పటి పాలిథిన్ కవరు ఇంకా దానికి అలాగే ఉంది. కవరు మీద దుమ్ము లేదు. రోజూ తుడుస్తాడని తెలుస్తోంది.

"కుర్చీల కూసో బిడ్డా."

కూర్చోబుద్ధి కాలేదు. ఇంతవరకు ఎవరూ కూర్చోని కుర్చీ అది. "వద్దు మామా, ఈడనే మంచిగుంది" అని గడప దగ్గర కింద కూర్చున్నాను. అప్పుడు మర్యాద అనుకున్నాను.

ట్రంకు పెట్టె తెరిచి ఒక పాత నోటు పుస్తకం తీశాడు. పైన ఆయన పేరు, దాని కింద హైదరాబాదులోని ఒక కాలేజీ పేరు, కోర్సు అన్నచోట ఎంబీఏ. నేను ఆయన ముఖం చూశాను. ఆయన పుస్తకాన్ని చూస్తున్నాడు.

"పదకొండు దినాలు పోయిన."

లోపల పదకొండు రోజుల పాఠాలు. ముత్యాల్లాంటి ఇంగ్లీషు రాత, చెప్పినది చెప్పినట్టు రాసుకున్నవాడి రాత. ప్రతి పేజీ అంచున పెన్సిలుతో తెలుగులో ఒకే మాట, "అడగాలె." కొన్ని పేజీల్లో ఒకసారి, కొన్నింటిలో ఆరేడుసార్లు. చివరి పేజీల్లో పాఠం ఆగిపోయింది, అంచున ఆ మాట మాత్రం ఉంది.

"దినాం అనుకునేటోణ్ణి, రేపు లేచి అడుగుతనని. నవ్వుతరేమో అని లేవకపోతుంటి. పన్నెండో దినం బస్సెక్కిన."

"ఇంట్ల ఏమన్నవు మామా?"

"హాస్టల్ల అన్నం పడుతలేదని చెప్పిన." ట్రంకు పెట్టె మూస్తూ అన్నాడు, "అన్నం మంచిగనే ఉండె."

ఆ తర్వాత ఇన్నేళ్ళలో, ఆ పుస్తకంలో "అడగాలె" అని ఉన్న ప్రతి చోటునూ ఆయన ఒక్కడే కూర్చుని నేర్చుకున్నాడు. పాత పుస్తకాలు తెప్పించుకుని, మధ్యాహ్నాలు గ్రంథాలయంలో కూర్చుని అంతా నేర్చుకున్నాడు.

"ఇప్పుడు గవన్నీ తెల్సు బిడ్డా. అడుగుడు ఒక్కటి కాలె."

అప్పుడు నన్ను లేచి నిలబడమన్నాడు. "తెల్వలేదు సార్. ఇంకొకపారి చెప్పుండ్రి." పదిసార్లు చెప్పించాడు. గొంతు వణికితే మళ్ళీ. నవ్వితే మళ్ళీ. ఇంగ్లీషులో రాకపోతే ఎట్లా అన్నాను. "తెలుగులనే అడుగు. ఏ భాషల అన్నా తెల్వంది తెల్వందే" అన్నాడు. పదోసారి గట్టిగా చెప్పినప్పుడు ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మొదటి దినమే ఒక్కటి అడుగు. ఏదన్న గానీ. అడిగి, సాయంత్రం నాకు ఫోన్ చెయ్. నాకు ఫోనొస్తే అచ్చు అయిపోయింది రా అనే మాటనే. జర ఒక్కపారి వేరే మాట ఇనాలె."

చేస్తానన్నాను. నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ ఒట్టేశాను.

మొదటి రోజు. పెద్ద హాలు. ఎవరో ప్రొఫెసరు బోర్డు మీద ఒక మాట రాసి, అది అందరికీ తెలిసే ఉంటుందన్నాడు. నాకు తెలియదు. చుట్టూ తలలు ఊగాయి. లేవాలి. నా కాళ్ళకు చెప్పాను, లేవలేదు. నా తల కూడా ఊగింది.

సాయంత్రం ఫోను తీసి ఆయన నంబరు దాకా పోయి ఆపేశాను. ఏం చెప్పాలి? రేపు అడుగుతాను, అడిగాకే చేస్తాను అనుకున్నాను. రేపూ అడగలేదు. వారం అడగలేదు. పన్నెండో రోజు నేను బస్సెక్కలేదు, అదొక్కటే తేడా. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిని బతిమాలుకుని, ఏడో తరగతి నుంచి ఆయన అతికిన దారం పట్టుకుని గట్టెక్కాను. పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది, చివరికి నేనే బోర్డు ముందు నిలబడే దాన్నయ్యాను. అదంతా ఆయన పెట్టిన భిక్షే. కానీ ఆ రెండేళ్ళలో క్లాసులో నేను నోరెత్తలేదు. నోరెత్తలేదు గనుక ఫోనూ చేయలేదు. ఆలస్యమైన కొద్దీ చేయడం మరింత కష్టమైంది.

ఆయనా చేయలేదు. ఒకసారి గద్వాల బస్టాండులో హైదరాబాదు బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉంటే ఎదురుగా కనిపించాడు. దగ్గరకు వచ్చాడు. జుట్టు నెరిసింది, వేళ్ళు అలాగే తెల్లగా ఉన్నాయి.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న మామా."

అంతే. అడిగావా అని అడగలేదు. కిటికీ ఊచ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు, నేనేదైనా చెప్తానేమోనని. నోరు తెరిచి అడగకుండానే ఆయన అడుగుతున్నాడని నాకు తెలుసు. అడిగాను మామా అని ఒక్క అబద్ధమాడితే పోయేది. అదీ నోట రాలేదు. బస్సు కదిలింది. ఎర్రవల్లి చౌరస్తా దాటేదాకా నేను తల తిప్పలేదు.

సాయంత్రం ఆ అయిజ పిల్ల వచ్చింది. పుస్తకాల సంచీ గుండెలకు హత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. వాళ్ళ పిన్ని ఇల్లు గద్వాలలో ఉందట, నేత ఇల్లే. సెలవులకు పోయినప్పుడు ఆయన దగ్గరికి పంపారట. అప్పటికే ఆయనకు చూపు తగ్గి అతికే పని మానేశాడు. ఈమె పైకి చదివితే కళ్ళు మూసుకుని వినేవాడట.

"ఆ రూముల ఒక కుర్చీ ఉండాలె," అన్నాను. చాలా ఏళ్ళకు మా ఊరి మాట నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"ఉంది మేడం. కవరు గూడ తియ్యలేదు. నేను కిందనే కూసునేదాన్ని." తర్వాత నెమ్మదిగా నవ్వింది. "పొద్దున లేచేటప్పుడు భయమైంది మేడం. సారు చెప్పిన అక్కను యాదికి తెచ్చుకున్న."

"ఏ అక్క?"

"సారు దగ్గర మొట్టమొదట సదువుకున్న అక్క. గద్వాలనే, నేతోళ్ళ బిడ్డనే. మొదటి దినమే అందరి ముంగట లేచి, తెల్వలేదు సార్, ఇంకొకపారి చెప్పుండ్రి అన్నదట. క్లాసంత నవ్విందట. అయినా కూసోలేదట. సాయంత్రం సారుకు ఫోన్ చేసి అరగంట మాట్లాడిందట. ఆ ఫోన్ ముచ్చట సారు ఎన్నిమార్లు చెప్పెనో మేడం! చెప్పినప్పుడల్లా మొఖం ఎలిగిపోతుండె. ఆ అక్క అడిగింది, నువ్వెందుకు అడగవు అనేటోడు."

నేను కిటికీ వైపు తిరిగాను. నేను ఇవ్వలేని అబద్ధాన్ని ఆయనే తయారు చేసుకున్నాడు. ఒక్క అబద్ధానికి పొద్దుగూకేదాకా రెండు వందల పోగులు విప్పిన మనిషి, ఆ గదిలో ఒక్కడే కూర్చుని, రాని ఫోనుకు అరగంట మాటలు కల్పించుకున్నాడు. ఏం మాట్లాడించాడో నా చేత. ఏ జవాబులు చెప్పాడో తాను.

ఊరుకోవచ్చు. ఆ పిల్లకు ఆ కథ మేలే చేసింది. కానీ ముసలవ్వ ఇంటి బయట ఆయన అడిగిన మాట చెవిలో వినిపిస్తూనే ఉంది. ఎవరు ఇప్పాలె బిడ్డా?

"ఆ అక్క నేనే," అన్నాను. "నేను అడగలేదమ్మా. మొదటి దినం అడగలేదు, రెండేండ్లల ఒక్కపారి అడగలేదు. ఫోన్ గూడ చెయ్యలేదు."

నన్ను ఛీ అంటుందనుకున్నాను. అన్నా పడేదాన్నే. ఆమె ఏదో లెక్క వేసుకుంటున్నట్టు వేళ్ళు మడిచి, చిన్న గొంతుతో అడిగింది:

"అయితే, సారు దగ్గర సదివినోళ్ళల్ల, లేచి అడిగింది నేనే మొదటనా మేడం?"

"నాకు తెల్సినంతల నువ్వే."

ఆమె సంచీలోంచి ఫోను తీసింది. చేతిలో పట్టుకుని చూసింది.

"సాయంత్రం ఫోన్ చేస్తనని మాటిచ్చిన మేడం," అంది. అప్పుడు ఏడ్చింది.

నేను లేచి నా కుర్చీ ఆమె వైపు జరిపాను. వద్దు మేడం, ఇక్కడే బాగుందంది. రెక్క పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. నేను గోడకు ఆనుకుని కింద కూర్చుని, కళ్ళు మూసుకున్నాను.

"చెప్పు బిడ్డా," అన్నాను. "మొదటి దినం ఏం అడిగినవు?"